టికెట్టు ఒకరిది... విమానం ఇంకొకరిది!

బిడ్డ కాన్పుకని అమెరికా వెళ్లే తల్లులు సుల్తానాబాద్‌లోనూ పెద్దపల్లిలోనూ ఇప్పుడు వింతేమీ కాదు. సకినాలు, పచ్చళ్లు, కారప్పొడులు, పుట్టబోయే మనవడికి మెత్తటి పాత చీరల బొంతలు... నెల ముందు నుంచే పెట్టె సర్దడం మొదలవుతుంది. బరువెంతుందో చూడ్డానికి కిరాణా కొట్టు కాంటా దాకా మోసుకుపోయే వాళ్లూ ఉన్నారు. ఇంత జాగ్రత్తపడే మనం ఒక్కటి మాత్రం సరిగ్గా చూడం. అల్లుడు ఫోనులో పంపిన టికెట్టు! పేరు సరిగ్గా పడిందా, తారీఖు కరెక్టేనా అని చూసి ఊరుకుంటాం.

హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా డల్లాస్ వెళ్లే టికెట్టే తీసుకోండి. పైన పెద్ద అక్షరాలతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ అని ఉంటుంది. లండన్-డల్లాస్ విమానం దగ్గర మాత్రం ఒక్కోసారి చీమ తలకాయంత అక్షరాల్లో 'ఆపరేటెడ్ బై అమెరికన్ ఎయిర్‌లైన్స్' అని ఇంకో ముక్క కనిపిస్తుంది. విమానం నడిపేది అమెరికన్ వాళ్లు అని దానర్థం. మరి డబ్బు కట్టింది బ్రిటిష్ వాళ్లకు కదా?

దీన్నే విమానాల వ్యాపారంలో 'కోడ్‌షేర్' అంటారు. ప్రతి విమాన కంపెనీకీ రెండక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. ఎయిర్ ఇండియాకు ఏఐ, ఖతర్ ఎయిర్‌వేస్‌కు క్యూఆర్, ఇండిగోకు 6ఈ. ఒక కంపెనీ నడిపే విమానం మీద ఇంకో కంపెనీ తన గుర్తు, తన నెంబరు వేసుకుని సీట్లు అమ్ముకోవడమే ఈ ఏర్పాటు. మనకు తెలియని పద్ధతేం కాదు. కరీంనగర్ పోయే బస్సుల్లో కొన్ని ఆర్టీసీ అద్దె బస్సులుంటాయి. బోర్డు ఆర్టీసీది, టికెట్టు ఆర్టీసీది, బస్సు మాత్రం ప్రైవేటు యజమానిది. అయితే ఒక తేడా ఉంది. ఆ బస్సు యజమాని అదే దారిలో సొంత పేరుతో ఇంకో బస్సు పెట్టి ఆర్టీసీతో పోటీపడడు. విమానాల వాళ్లు అదీ చేస్తారు, ఇదీ చేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది.

పోటీదారులే భాగస్వాములు

ఈ ఒప్పందాల్లో మంచి లేదని కాదు. షికాగోలో దిగి, అక్కణ్నుంచి ఇంకో చిన్న ఊరికి వెళ్లాల్సిన తల్లి ఉందనుకోండి. దుబాయి దాకా, షికాగో దాకా ఎమిరేట్స్. ఆపైన యునైటెడ్ కంపెనీ విమానం. ఒప్పందం లేకపోతే రెండు టికెట్లు కొనాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం మనదే. ఒకే టికెట్టు అయితే వేరే విమానంలో పంపించే పూచీ కంపెనీలదే. ఒక దారిలో నువ్వు, దాని తరవాతి దారిలో నేను అని పంచుకునే ఇలాంటి ఒప్పందం ప్రయాణికులకు మేలే చేస్తుంది.

ఈ ఎమిరేట్స్, యునైటెడ్‌ల సంగతి కూడా తమాషాగా ఉంటుంది. 2015లో అమెరికన్, డెల్టా, యునైటెడ్... ఈ మూడూ కలిసి గల్ఫ్ కంపెనీల మీద పెద్ద యుద్ధమే ప్రకటించాయి. 'మీ ప్రభుత్వాలు మీకు అప్పనంగా డబ్బు పోస్తున్నాయి, మేం మీతో ఎలా పోటీపడాలి?' అని అమెరికా ప్రభుత్వానికి మొరపెట్టుకున్నాయి. 2017లో అమెరికన్ కంపెనీ ఖతర్ ఎయిర్‌వేస్‌తో కోడ్‌షేర్ తెంచేసుకుంటున్నట్టు ప్రకటించింది. 2020లో మళ్లీ అదే ఖతర్‌తో చేయి కలిపింది. 2022లో యునైటెడ్, ఎమిరేట్స్ కూడా ఒప్పందం చేసుకున్నాయి. మాటల్లేని తోడికోడళ్లు పెళ్లిపందిట్లో పక్కపక్కన నిలబడి ఫొటో దిగినట్టు! వ్యాపారంలో అలకలకు ఎంత విలువుంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక రెండో రకం ఒప్పందం. ఇద్దరూ ఒకే దారిలో విమానాలు నడుపుతూ, ఒకరి సీట్లు ఒకరు అమ్ముకోవడం. లండన్-డల్లాస్ అలాంటిదే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఆ దారిలో సొంత విమానం నడుపుతుంది, అమెరికన్ వాళ్లూ నడుపుతారు. అట్లాంటిక్ సముద్రం దాటే దారుల్లో ఈ రెండు కంపెనీలూ 2010 నుంచి ఆదాయం కూడా కలిపి పంచుకుంటున్నాయి. రాబడి ఒకే డబ్బాలో పడేటప్పుడు ఒకరికంటే ఒకరు చవగ్గా అమ్మాలన్న తాపత్రయం ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈ అనుమానం మనకే కాదు, యూరప్ పోటీ వ్యవహారాల అధికారులకూ వచ్చింది. అందుకే 2010లో ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టారు. లండన్ నుంచి న్యూయార్క్, బోస్టన్, డల్లాస్, మయామీ దారుల్లో మూడో కంపెనీ వస్తే దానికి లండన్ విమానాశ్రయాల్లో మీ వేళల్లోంచి కొన్ని వదులుకోవాలి అన్నారు. విమానం దిగడానికి, ఎగరడానికి ఇచ్చే వేళలకు అక్కడ బంగారం ధర. మన తెలుగువాళ్లు అంతమంది ఉన్న డల్లాస్ పేరు ఆ కాగితంలో ఉండటం చూస్తే, ఎక్కడో బ్రస్సెల్స్‌లో తీసుకున్న నిర్ణయం సుల్తానాబాద్ అత్తమ్మ టికెట్టు దాకా ఎలా వస్తుందో అర్థమవుతుంది.

దోహా దారిలో

గల్ఫ్ మాటకొద్దాం. మన వైపు కుటుంబాలకు అమెరికా కంటే ముందు తెలిసింది గల్ఫే కదా. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ల నుంచీ, మన పెద్దపల్లి ప్రాంతం నుంచీ వెళ్లిన మగవాళ్లు ఒకప్పుడు ముందు బొంబాయి బస్సెక్కేవాళ్లు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక హైదరాబాద్ నుంచే నేరుగా వెళ్లడం మరింత మామూలైంది. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర పాత రన్‌వే ఒకటున్నా, మనకు విమానమంటే రాజీవ్ రహదారి మీద నాలుగైదు గంటలు పోయి శంషాబాద్‌లో ఎక్కడమే.

2019 నవంబరులో ఇండిగో, ఖతర్ ఎయిర్‌వేస్ ఒప్పందం చేసుకున్నాయి. దోహా నుంచి ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్‌లకు ఇండిగో నడిపే విమానాల్లో ఖతర్ తన నెంబరు వేసుకుని సీట్లు అమ్ముకోవచ్చన్నది దాని సారాంశం. హైదరాబాద్-దోహా దారిలో ఖతర్‌కు సొంత విమానం ఉంది. అంటే అదే దారిలో నిన్నటిదాకా పోటీపడిన కంపెనీ సీటును తానే అమ్ముతోందన్నమాట.

ఇందులో ఆడవాళ్లం గమనించాల్సింది ఒకటుంది. ఇంటర్‌నెట్‌లో టికెట్లు వెదికితే ఒకే టైముకు బయల్దేరే రెండు విమానాలు కనిపిస్తాయి. ఒకటి 6ఈ, ఇంకొకటి క్యూఆర్. రెండు ధరలు! 'ఇన్ని విమానాలున్నాయా, పోటీ బాగానే ఉందే' అనుకుంటాం. తీరా చూస్తే విమానం ఒక్కటే. పేరున్న కంపెనీ అని నాలుగు డబ్బులెక్కువ పెట్టి క్యూఆర్ టికెట్టు కొన్నవాళ్లు శంషాబాద్‌లో ఇండిగో విమానమెక్కుతారు. భోజనం, సీట్లు, టీవీ అన్నీ నడిపేవాళ్ల పద్ధతిలోనే ఉంటాయి తప్ప అమ్మినవాళ్ల పేరును బట్టి మారవు. ఏయే సౌకర్యాలు టికెట్టులో కలిసున్నాయో కొనేముందే చూసుకోవడం తప్ప మార్గం లేదు. దుకాణంలో గద్వాల చీర అని ఇంకేదో ఇస్తే ఊరుకుంటామా? అంచు తిప్పి చూస్తాం. ఇక్కడ అంచు 'ఆపరేటెడ్ బై' దగ్గర ఉంది.

ఆకాశానికీ కోటా!

రేషన్ షాపులో బియ్యానికే కోటా ఉంటుందనుకుంటాం. విమానం సీట్లకూ ఉంటుంది. చాలా దేశాల మధ్య వారానికి ఎన్ని సీట్లు నడపాలన్నది ప్రభుత్వాలు కూర్చుని ఒప్పుకోవాలి. భారత్-దుబాయి మధ్య ఒక్కో వైపు కంపెనీలకు వారానికి సుమారు 66 వేల సీట్లు. ఈ లెక్క 2014లో కుదిరింది. 2025 దాకా పెరగలేదు. ఈ మధ్యకాలంలో దుబాయి వెళ్లేవాళ్లు ఎంత పెరిగారో మన వాడల్లో ఇళ్లు చూస్తే చాలు.

మాకు ఇంకా సీట్లు కావాలని ఎమిరేట్స్ ఎన్నాళ్లుగానో అడుగుతోంది. వద్దని మన కంపెనీలు అడ్డుపడుతున్నాయి. 'వాళ్లకు సీట్లిస్తే మన ప్రయాణికులందర్నీ దుబాయిలో దింపి అమెరికాకూ యూరప్‌కూ వాళ్లే తీసుకుపోతారు, మేం నేరుగా విమానాలు ఎప్పుడు పెట్టగలం?' అన్నది వీళ్ల వాదన. తీసిపారేయాల్సిన మాట కాదిది. ఒంటరిగా వెళ్లే తల్లికి మధ్యలో దిగి ఎక్కే బాధ లేని విమానం కంటే కావాల్సిందేముంది? కానీ 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదలుపెట్టిన హైదరాబాద్-షికాగో విమానం ఎక్కువ కాలం నడవలేదు. నేరుగా విమానమూ రాక, చుట్టు తిరిగి పోయే విమానంలో సీట్లూ పెరగక, నడుమ నలిగేది ఎవరు?

దుబాయిలో పనిచేసే కొడుక్కి 'అమ్మ పోయింది' అని ఊరి నుంచి ఫోను వస్తుంది. ఆ రాత్రికే టికెట్టు కావాలి. ఉన్న నాలుగు సీట్లకు కంపెనీ ఎంత చెబితే అంత. పోటీ అంటే పేపర్లో వచ్చే లాభనష్టాల వార్త అనుకుంటాం గానీ, ఆ రాత్రి ఆ కొడుకు కడచూపుకు అందుతాడా లేదా అన్నది కూడా దానిమీదే ఆధారపడి ఉంటుంది. అప్పు చేసి టికెట్టు కొంటే, ఆ అప్పు వడ్డీ కట్టేది ఇక్కడున్న కోడలు.

కోటా పెంచడానికి ప్రభుత్వాలు ఎలాంటి బేరాలాడతాయో 2013లో చూశాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో అబుధాబికి చెందిన ఎతిహాద్ కంపెనీ మన జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం వాటా కొంటున్నట్టు ప్రకటించింది. ఖరీదు రెండు వేల కోట్ల రూపాయల పైమాటే. ఆ సమయంలోనే అబుధాబి కోటాను వారానికి 13 వేల సీట్ల నుంచి మూడేళ్లలో 50 వేలకు పెంచారు. భారత పోటీ కమిషన్ ఈ వాటా కొనుగోలును అదే ఏడాది నవంబరులో ఆమోదించింది. సభ్యుల్లో ఒకరు మాత్రం పోటీకి దెబ్బ తగులుతుందని విడిగా రాశారు. ఆయన మాట ఎంతమంది విన్నారో గానీ, కథ మాత్రం విషాదంగానే ముగిసింది. 2019 ఏప్రిల్ 17న జెట్ విమానాలు ఆగిపోయాయి. ముందే డబ్బు కట్టి టికెట్లు కొనుక్కున్న వాళ్లు వాపసు కోసం కళ్లు కాయలు కాసేలా చూశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కంపెనీ ఆస్తులు అమ్మేయమని చెప్పింది.

మిగిలింది ఇద్దరే

ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో విమానాలన్నీ ప్రభుత్వపరమయ్యాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. నలభై ఏళ్లు దేశంలో ప్రభుత్వానిదే రాజ్యం. 1994లో ఆ పాత చట్టాన్ని ఎత్తేశారు. ఇంక చూడండి, ఎన్ని పేర్లో! ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్, జెట్, సహారా, ఆ తరవాత ఎయిర్ దక్కన్, కింగ్‌ఫిషర్, గో... వాటిల్లో ఒక్కటీ మిగల్లేదు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మేలో చేతులెత్తేసింది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్లీ టాటాల చేతికొచ్చింది. 2024 నవంబరు 12న విస్తారా కూడా అందులో కలిసి, పేరు కూడా లేకుండా పోయింది. ఈ విలీనానికి పోటీ కమిషన్ 2023లోనే షరతులతో ఒప్పుకుంది. కొన్ని దారుల్లో సీట్లు తగ్గించకూడదన్నది వాటిలో ఒకటి.

2025 నాటికి దేశంలో తిరిగే పదిమంది విమాన ప్రయాణికుల్లో ఆరుగురికి పైగా ఇండిగోలోనే. ఇండిగో, టాటాల ఎయిర్ ఇండియా కలిపితే తొమ్మిది మంది. దాని ఫలితమేమిటో ఆ ఏడాది డిసెంబరు మొదటి వారంలో అందరికీ తెలిసొచ్చింది. పైలట్ల విశ్రాంతి గంటల గురించి వచ్చిన కొత్త నిబంధనలకు ఇండిగో సరిగ్గా సిద్ధం కాలేదు. 5వ తారీఖున ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్‌లో సహా అన్నిచోట్లా జనం నేలమీద పడుకున్నారు. ఇంకో కంపెనీకి పోదామంటే సీట్లేవి? ఉన్న సీట్ల ధరలు చుక్కలనంటాయి. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,500 దాటితే 18,000 మించకూడదని పరిమితులు పెట్టాల్సి వచ్చింది. పోటీ ఉన్నచోట ఈ అవసరం ఎందుకొస్తుంది?

ఇలాంటి రెండు పెద్ద కంపెనీలే విదేశీ కంపెనీలతో వరసగా కోడ్‌షేర్లు కుదుర్చుకుంటున్నాయి. ఎయిర్ ఇండియా 2014 జులై నుంచి స్టార్ అలయన్స్ అనే కూటమిలో ఉంది. లుఫ్తాన్సా, యునైటెడ్ కూడా అందులోనివే. ఇండిగో ఖతర్‌తో, ఇంకా చాలామందితో చేయి కలిపింది. రెండు కంపెనీలు ఒకటైపోతే పోటీ కమిషన్ పిలిచి అడుగుతుంది. ఇలా ఒప్పందాల మీద ఒప్పందాలు అల్లుకుపోతే ఏ దారిలో నిజంగా ఎంతమంది పోటీదారులున్నారో లెక్క చెప్పేవాళ్లేరీ? ఒక్కో దారిలో విమానం నడిపేవాళ్లు ఎందరు, ఊరికే నెంబరు తగిలించుకున్నవాళ్లు ఎందరు అన్నది ప్రభుత్వమే ప్రతి ఏటా ప్రకటిస్తే తప్ప మనలాంటి వాళ్లకు తెలిసే వీల్లేదు.

పెట్టె రాకపోతే ఎవర్నడగాలి?

సరే, కంపెనీల సంగతి కంపెనీలది. రేపు విమానమెక్కాల్సిన తల్లి సంగతేమిటి?

అన్నిటికంటే ముందు చక్రాల కుర్చీ. మన పెద్దవాళ్లలో చాలామందికి అది కాళ్లనొప్పులకంటే భాష కోసం కావాలి. 'తోలుకపోయేటోళ్లుంటే భయం లేదు బిడ్డా' అంటారు. టికెట్టు అమ్మిన కంపెనీకి చెబితే నడిపే కంపెనీకి కూడా తెలిసిందో లేదో విడిగా కనుక్కోవాలి. రెండు కంపెనీల్లో బుకింగ్ నెంబరు వేరువేరుగా ఉండొచ్చు. పిల్లల్ని ఆ రెండో నెంబరు కూడా అడిగి కాగితం మీద రాయించుకోండి. శాకాహార భోజనం విషయమూ అంతే. లండన్ హీత్రూలో బ్రిటిష్ వాళ్ల విమానాలు ఎక్కువగా ఐదో టెర్మినల్‌లో, అమెరికన్ వాళ్లవి మూడో టెర్మినల్‌లో. నడుమ బస్సెక్కాలి, మళ్లీ తనిఖీ ఉంటుంది. రెండు విమానాల మధ్య గంటన్నర ఉందని టికెట్టు కొనేసిన అల్లుడికి ఈ సంగతి అత్తగారే గుర్తుచేయాలేమో!

సామాను బరువు ఏ కంపెనీ లెక్కన? అమెరికా రానుపోను టికెట్లకు అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఒకే టికెట్టు మీద ప్రయాణమంతా ఒకే లెక్క ఉండాలి, మొదటి విమానం ఎవరి నెంబరు మీద ఉంటే వాళ్ల లెక్కే చివరిదాకా. మధ్యలో ఇంకో కంపెనీ కౌంటరులో 'ఇది మా రూలు కాదు' అంటే ఈ మాట చెప్పొచ్చు. మిగతా దేశాలకు కొనేముందే అడగాలి.

ఇక పెట్టె రాకపోతే... అమ్మినవాళ్లు 'నడిపింది మేం కాదు' అంటారు, నడిపినవాళ్లు 'అమ్మింది మేం కాదు' అంటారు. రెండు కౌంటర్ల మధ్య తిప్పడం ఇక్కడే మొదలవుతుంది. చట్టం మాత్రం చాలా స్పష్టంగా ఉంది. మాంట్రియల్ ఒప్పందమని ఒకటుంది, భారత్ అందులో 2009లో చేరింది. దాని ప్రకారం టికెట్టు అమ్మిన కంపెనీ ప్రయాణం మొత్తానికీ బాధ్యురాలు. నడిపిన కంపెనీ తాను నడిపిన దారికి బాధ్యురాలు. ఇద్దర్లో ఎవరిమీదైనా, ఇద్దరిమీదా అయినా దావా వేయొచ్చు. ఫిర్యాదు ఒకరికి ఇస్తే రెండోవాళ్లకూ ఇచ్చినట్టే లెక్క.

అయితే అన్నీ రాతపూర్వకంగా ఉండాలి. పెట్టె పగిలినా, లోపలి సామాను పాడైనా అందిన రోజు నుంచి 7 రోజుల్లోపు. పెట్టె ఆలస్యంగా వస్తే, చేతికందిన రోజు నుంచి 21 రోజుల్లోపు. కాన్పు హడావుడిలో పడి 'పోనీలే' అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది. విమానాశ్రయం బయటికి రాకముందే అక్కడి కౌంటరులో పెట్టె రాలేదని కాగితం రాయించుకుని, దాని నెంబరు భద్రంగా దాచుకోవాలి. బోర్డింగ్ పాసు ముక్క, పెట్టెకు కట్టే చీటీ నెంబరు కూడా పారేయకండి. బంగారం, మందులు, కాగితాలు ఎలాగూ చేతిసంచిలోనే.

దావా వేయడానికి డల్లాస్ పోవాలా, లండన్ పోవాలా అన్న భయం కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లో బయల్దేరి తిరిగి హైదరాబాద్‌కే వచ్చేలా ఒకే టికెట్టు కొని ఉంటే, ఆ ప్రయాణానికి గమ్యస్థానం హైదరాబాదే అవుతుంది. గమ్యస్థానంలోని కోర్టులో దావా వేసే హక్కు ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. పోనూ రానూ విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఈ వెసులుబాటు పోవచ్చు. వెయ్యో రెండు వేలో కలిసొస్తాయని విడిగా కొనే పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి.